అలికిన కళ్లం

శనివారం మధ్యాహ్నం యాజులు రైసుమిల్లు కళ్లంలో మోకాళ్ల మీద పాకుతున్నాడు. ముప్పై దాటిన మనిషి, యలమంచిలిలో సర్కారు గుమస్తా, ఇస్త్రీ ఫాంటు మాసిపోతున్నా లెక్కచెయ్యకుండా సిమెంటు నేలంతా అరచేత్తో తడుముకుంటూ పోతున్నాడు. చూసినవాళ్లెవరైనా ఉంగరం పారేసుకున్నాడనుకుంటారు. అతను వెతుకుతున్నది రాళ్లు. శనగగింజంత రాయి అడ్డం పడితే చక్రాల బల్ల అక్కడే ఆగిపోతుంది. బల్ల మీద మనిషి ఆగడు.

నర్సీపట్నం మొత్తమ్మీద ఇంత నున్నటి నేల ఇంకోటి లేదు. ఉడకబెట్టిన ధాన్యం ఎండబెట్టడానికి మిల్లు షావుకారు సుందరరామయ్య పోయించిన కళ్లం అది. వానలు పట్టుకున్నాక ఎండబెట్టే పనుండదు గనక ఖాళీగా పడి ఉంటుంది. చిన్నప్పుడు లారీషెడ్డులో పారేసిన బేరింగులు చెక్కకి బిగించి బలిఘట్టం రోడ్డు మీద జారిన రోజుల్నించి, విశాఖపట్నం హార్బరు దగ్గర ఓడ కళాసీని బతిమాలి అసలైన స్కేటుబోర్డు కొనుక్కున్న దాకా, ఆ తరవాత కూడా, యాజులుకి ఈ పిచ్చి తగ్గింది లేదు. ఊళ్లోవాళ్లు దాన్ని చక్రాల బల్ల అంటారు. అతన్ని చక్రాల యాజులు అంటారు, ఎదురుగా మాత్రం అనరు.

ఆ పిచ్చినే ఇప్పుడు బతుకుతెరువు చేసుకుందామని చూస్తున్నాడు. రేపు, శ్రావణమాసం మొదటి ఆదివారం, కళ్లంలో స్కేటింగు స్కూలు ప్రారంభం. పిల్లలకోసం ఇంకొన్ని బల్లలు కూడా తయారుగా పెట్టుకున్నాడు. ఆషాఢంలోనే మొదలుపెడదామంటే షావుకారు ఒప్పుకోలేదు. ఆఫీసులో పెట్టిన సెలవు బుధవారంతో ఆఖరు. రేపు వచ్చే పెద్దమనుషులు పిల్లల్ని చేరిస్తే రాజీనామా కాగితం పంపించేస్తాడు. చేర్చకపోతే గురువారం పొద్దున్నే బస్సెక్కి మళ్లీ ఆ ఫైళ్ల మధ్య కూర్చోవడమే.

“ఏటి బాబూ, అంతలాగ ఎతుకుతున్నారు?” అంది దేవుడమ్మ, చీపురు ఆపి. ఆమెది బలిఘట్టం. సీజనులో ఆడవాళ్లందర్నీ వెంటేసుకుని, కాళ్లతో ధాన్యం చాళ్లు తీస్తూ ఎండకి ఎండే మనిషి. పని లేని రోజుల్లో మిల్లు ఊడ్చి శుభ్రం చేస్తుంది.

“రాళ్లు దేవుడమ్మా. ఒక్కటీ ఉండకూడదు.”

“ఎసట్లో పొయ్యబోయే బియ్యంలో ఏరినట్టు ఏరుతున్నారు. రేపు పెద్దపెద్దోళ్లొస్తారంట కాదేటి?”

“వస్తారు. తాలూకాఫీసు హెడ్డుగుమస్తాగారొస్తున్నారు. ఆయన చూసి బాగుందంటే మిగతావాళ్లూ బాగుందంటారు.” యాజులు లేచి మోకాళ్లు దులుపుకున్నాడు. ఆ క్షణంలో అతనికి చాలా సంతోషంగా ఉంది. “రేపు మనకి పండగనుకో దేవుడమ్మా. పండక్కి నేల ఎలా ఉండాలో అలా ఉండాలి. షావుకారికి మాట రాకూడదు.”

“అలాగే బాబూ. తమరు నిబ్బరంగా ఇంటికెల్లండి,” అంది దేవుడమ్మ.

సాయంత్రం హెడ్డుగుమస్తా అప్పలనరసింహంగారు కూతురు కామేశ్వరిని వెంటబెట్టుకుని ముందస్తుగా ఒకసారి చూసిపోవడానికొచ్చాడు. చేతిలో గొడుగు, ముఖంలో అనుమానం, ఈ రెండూ ఆయన ఎక్కడికెళ్లినా వెంట ఉండేవే. బల్లని తిరగేసి చూశాడు. చక్రాన్ని వేలితో తిప్పి, అది ఎంతసేపటికీ ఆగకపోతే అరచేత్తో తనే ఆపాడు.

“దీనిమీంచి పిల్లలు పడరు కదా?”

“పడరండీ.”

“బొత్తిగా పడరా?”

“మా దగ్గర ఎవరూ పడరండీ. చెయ్యి పట్టుకునే ఉంటాను,” అన్నాడు యాజులు.

హెడ్డుగుమస్తా చక్రాన్ని ఇంకోసారి తిప్పి చూసి బల్ల కిందపెట్టాడు. గొడుగు సర్దుకుని వెళ్లిపోయాడు. కామేశ్వరి గేటు దాకా వెనక్కి తిరిగి బల్లకేసే చూస్తూ నడిచింది.

యాజులు ఇంటికెళ్లి ఈ సంగతంతా చెబితే దుర్గాంబ వంకాయలు తరగడం ఆపి మొగుడికేసి చూసింది. “ఎవరూ పడరని చెప్పారా? మీ ఫాంటు ఎత్తి చూపించమంటే ఏం చేసేవారు?” అంది. అతని మోకాలి చిప్పల కిందనించి చీలమండల దాకా మచ్చలే. యాజులు నవ్వాడు. ఆమె నవ్వలేదు.

ఆదివారం పొద్దున్న షామియానా కొట్టులో కుర్చీలకోసం పడిగాపులు పడేసరికి యాజులుకి ఆలస్యమైపోయింది. కుర్చీల రిక్షా వెనకే సైకిలు తొక్కుకుంటూ మిల్లు గేటులోంచి లోపలికొచ్చి, అక్కడే కాలు నేలకానించి ఆగిపోయాడు.

కళ్లమంతా పేడతో అలికి ఉంది. ఆ చివర్నించి ఈ చివరిదాకా, ఎక్కడా జాగా వదలకుండా, చేతివేళ్ల వంపులు కనబడేలాగా ముద్దుగా అలికారు. చుట్టూ సున్నపు ముగ్గులు. నాలుగు మూలలా పద్మాలు, పద్మాల్లో పసుపూ కుంకాలు. సరిగ్గా మధ్యలో, గుమ్మాల ముందు రథం ముగ్గు వేసినట్టే, నాలుగు చక్రాలున్న బల్ల ముగ్గు వేసి ఉంది. తెల్లవారుజామున పడిన చినుకులకి పేడ ఇంకా ఆరలేదు. మబ్బు వెలుతురులో నేలంతా నిగనిగలాడుతోంది.

దేవుడమ్మ ఉతికిన కోక కట్టుకుని, తలలో చామంతులు పెట్టుకుని ఎదురొచ్చింది. చేతులు మోచేతుల దాకా ఇంకా పచ్చగానే ఉన్నాయి. “కోడి కూయకముందే నెగిసి ముగ్గురం కూకుని అలికినాం బాబూ. బల్ల నానే ఏసినాను. బాగున్నాదా?”

పండక్కి నేల ఎలా ఉండాలో అలాగే ఉంది. సిమెంటు మీద తడిపేడ పూత, దాని మీద చక్రం.

అప్పటికే పెద్దమనుషులొచ్చేశారు. కుర్చీలు దింపడమే తరువాయి, కూచున్నారు. పిల్లలు కొత్త మేజోళ్లు వేసుకుని వరండా మీద గెంతుతున్నారు. యాజులు షావుకారుని పక్కకి పిలిచి, “కళ్లం కడిగించాలండీ, బేగి. దీనిమీద చక్రం నిలవదు,” అన్నాడు.

సుందరరామయ్య అతన్ని ఎగాదిగా చూశాడు. “ఏటండీ యాజులుగారూ, శ్రావణమాసం పూట ముగ్గు మీద నీళ్లు కుమ్మరించమంటారేటి? కొబ్బరికాయ కొట్టీసినాం. మూర్తం దాటిపోతాది. కానీండి.”

ఒక్కమాట గట్టిగా అంటే సరిపోను. వచ్చే ఆదివారానికి మార్చుకుందామంటే సరిపోను. కాని ఆ లోపలే సెలవు అయిపోతుంది, ఈ కుర్చీల్లో ఈ మనుషులు మళ్లీ కూచుంటారన్న నమ్మకం లేదు. పిల్లల్ని ఎక్కించను, నేనొక్కణ్ణీ మెల్లిగా ఒక చుట్టు తిరిగి దిగిపోతాను అనుకున్నాడు యాజులు. బల్ల కింద పెట్టాడు. ఎడమకాలు ముందు చక్రాల పైన ఆనించి, మోకాలు వంచి, కుడికాలితో నేలని ఒక్కసారి తోశాడు.

మొదట బాగానే సాగింది. ఆడవాళ్లలో ఎవరో అబ్బ అన్నారు. మూల తిరగడానికి ఒళ్లు పక్కకి వాల్చాడు. ఒళ్లు వాలింది గాని చక్రాలు తిరగలేదు. బల్ల అడ్డంగా జారి, పద్మాన్ని చెరిపేసుకుంటూ గోడదాకా పోయింది. యాజులు ఎడం చెయ్యి కింద వేసుకుని పడ్డాడు. ఎండుపుల్ల విరిచినట్టు చిన్న చప్పుడైంది. అది అతనికి బాగా వినపడింది.

పిల్లవాడెవడో నవ్వాడు. వాళ్లమ్మ వాడి నోరు నొక్కేసింది. అందరికన్నా ముందు లేచింది హెడ్డుగుమస్తా.

“ఎవత్తివే పేడ అలికినావు?” అని షావుకారు కేక పెట్టాడు. “ఎవలలకమన్నారు నిన్ను? పంతులుగారి చెయ్యి ఇరిగిపోనాది గదే!”

దేవుడమ్మ ముందుకొచ్చింది. “పండగనీసి…” అని ఆగి, యాజులుకేసి చూసింది.

యాజులు పేడలో కూచుని తన మణికట్టుకేసి చూసుకుంటున్నాడు. నొప్పి నిజమే, కళ్లు తిరుగుతున్న మాటా నిజమే. కాని నోరు విరగలేదు. అలకమన్నది నేనేనండీ అనడానికి ఎంతో ఊపిరి అక్కర్లేదు. కుర్చీల్లోంచి లేచిన వాళ్లంతా చుట్టూ మూగి, పేడవల్ల వచ్చింది, పేడవల్ల వచ్చింది అని ఒకరితో ఒకరు అనుకుంటున్నారు. బల్లవల్ల వచ్చిందని ఒక్కరూ అనడం లేదు. ఆ సంగతి అతనికి నొప్పిలో కూడా తెలిసింది. అతను తల ఎత్తలేదు.

“ఇంక నువ్వు మిల్లుకి రావొద్దు. ఎల్లు,” అన్నాడు షావుకారు. రిక్షా ఎక్కించేటప్పుడు యాజులుకి గేటు బయట రోడ్డు మీద ఆమె వీపు కనబడింది. చేతులు కడుక్కోకుండానే బలిఘట్టం వైపు నడిచిపోతోంది.

పెద్దాసుపత్రిలో పిండికట్టు వేశారు. సోమవారం పొద్దున్న యాజులు మెడలో గుడ్డతో చెయ్యి వేలాడదీసుకుని మంచం మీద కూచుని ఉండగా, గుమ్మంలో స్కూటరాగింది. సుందరరామయ్య తన ఇంట్లో శుభకార్యానికి పిలవడానికొచ్చినంత ఉత్సాహంగా లోపలికొచ్చాడు.

“ఏం బెంగ పెట్టుకోకండి. నిన్న సాయంత్రం అందరిళ్లకీ నానే ఎల్లినాను. బల్ల తప్పు కాదు, మాస్టారి తప్పు కాదు, అది పేడ తప్పు అని నచ్చజెప్పినాను. అందరూ ఒప్పుకున్నారు. ఆ మనిషిని తీసీసినానని సెప్తే మరీ ధైర్యపడ్డారు. రేపు సాయంత్రం మిల్లుకొచ్చి పిల్లల్ని చేర్పిస్తారంట.”

దుర్గాంబ ఇచ్చిన కాఫీ తాగి, బాగుందమ్మా అని చెప్పి ఆయన వెళ్లిపోయాడు. దుర్గాంబ ముఖం వెలిగిపోయింది. ఇన్నేళ్లూ ఈ బల్లల గొడవ భరించింది ఆమె. గ్లాసు తీయబోతూ, “అయినా, ఆవిడకి అంత కళ్లం అలకాలని ఎందుకు పుట్టిందండీ?” అంది.

యాజులు “నేనే చెప్పాను,” అన్నాడు. “పేడతో అని చెప్పలేదు. పండక్కి ఉన్నట్టు ఉండాలన్నాను. పండగంటే వాళ్లకి అలకడం కాకపోతే ఇంకేమిటి?”

దుర్గాంబ గ్లాసు చేతిలోనే పెట్టుకుని మంచం పట్టె మీద కూచుంది. “ఆవిణ్ణి పనిలోంచి తీసేశానని ఆయన చెబుతుంటే, కాఫీ ఇచ్చి పంపించాం.”

“ఇప్పుడు చెబితే స్కూలుండదు.”

“ఉండదు.”

“మరేం చెయ్యమంటావు?”

“నన్నడక్కండి. మీరు నోరు మూసుకుంటే మీరు యలమంచిలి వెళ్లక్కర్లేదు. వారానికోసారి చుట్టంలా ఇంటికి రానక్కర్లేదు. నాకూ అదే కావాలి. కావాలనిపిస్తున్నందుకే నామీద నాకు రోతగా ఉంది,” అంది దుర్గాంబ. ఆ తరవాత ఆ రోజంతా ఇంట్లో ఇద్దరూ అవసరమైన మాటలే మాట్లాడుకున్నారు. సాయంత్రం యాజులు చెప్పులేసుకుని బలిఘట్టం వైపు బయల్దేరాడు. ఊరు దాటే మలుపు దాకా పోయి, అక్కడ కిళ్లీకొట్టు దగ్గర ఊరికే నిలబడి, వెనక్కొచ్చేశాడు.

మంగళవారం సాయంత్రం మిల్లు వరండా మీద బల్లలన్నీ వరసగా పెట్టించాడు షావుకారు. కళ్లంలో పేడ చాలామటుకు కడిగేశారు గాని అంచుల్లో చారలు మిగిలే ఉన్నాయి. ఎవరో కొత్త మనిషి ఊడుస్తోంది. పెద్దమనుషులు వస్తూ వస్తూ యాజులు చేతిని పరామర్శించి, పేడని తిట్టి, కూచుంటున్నారు. ఎవరికి వాళ్లే ఒప్పుకోవడానికి సిద్ధపడి వచ్చారు. యాజులు చెయ్యవలసిందల్లా చిరునవ్వుతో కూచోవడం.

అందరికన్నా ఆఖర్న అప్పలనరసింహంగారొచ్చాడు. గొడుగు గోడకానించి, కుర్చీ యాజులుకి ఎదురుగా లాక్కున్నాడు.

“ఒక్క సంగతి. ఆ రోజు ఆ పేడ లేకపోతే మీరు పడేవారు కారు. అంతేనా?”

“ఆ రోజు పడేవాణ్ణి కాదండీ.”

“అంటే, నేల బాగుంటే పిల్లలూ పడరు. ఆ మాట మీరు చెప్పండి. నేను ఇప్పుడే మా అమ్మాయిని చేర్చేస్తాను.”

“అదే కదండీ నానూ సెప్తున్నాను,” అన్నాడు షావుకారు. “సెప్పండి మాస్టారూ.”

అందరూ యాజులుకేసి చూస్తున్నారు. కళ్లంలో చీపురు చప్పుడు ఆగి, మళ్లీ మొదలైంది. అతనికి గుడ్డలో చెయ్యి బరువెక్కింది. అవునండీ అంటే అయిపోతుంది. నాలిక చివరిదాకా ఆ మాట వచ్చింది కూడా.

“పడతారండీ,” అన్నాడు.

“ఏమిటీ?”

“నేలెంత బాగున్నా పడతారు. నేను చెయ్యి పట్టుకున్నంతసేపూ పడరు, నేర్చుకోరు. వదిలేశాక పడతారు. నేను వందసార్లు పడ్డాను. శనివారంనాడు పడరని మీకు చెప్పింది అబద్ధం.” షావుకారుకేసి తిరిగాడు. “ఇంకో మాట. కళ్లం అలికించింది నేనే. పండగలా ఉండాలని దేవుడమ్మకి నేనే చెప్పాను. ఆవిడ చెప్పినట్టే చేసింది.”

ఒకాయన, “మావాడికసలు కుడిచెయ్యి వాటం. పరీక్షలు రాయాలి కదండీ,” అంటూ లేచాడు. ఆయన లేచాక మిగతావాళ్లకి లేవడం సులువైపోయింది. వానొచ్చేలా ఉందని ఒకరు, ఇంట్లో కనుక్కుని చెబుతామని ఒకరు, మర్యాదగానే మెట్లు దిగారు. అప్పలనరసింహంగారు గొడుగు తీసుకుని వాళ్ల వెనకే వెళ్లిపోయాడు.

సుందరరామయ్య చాలాసేపు ఖాళీ కుర్చీలకేసి చూశాడు. “మీ మీద ఈగ వాలకుండా ఇంటింటికీ తిరిగినాను. నన్నందరి ముందరా ఎదవని చేసినారు,” అన్నాడు. ఆయన గొంతులో కోపం కన్నా కష్టపెట్టుకున్న తనమే ఎక్కువుంది. లోపలికి తిరిగి, “దేవుడమ్మకి కబురెట్టండి, రేపట్నించి రమ్మని,” అని చెప్పి, యాజులుతో “మీరు రేపొచ్చి మీ బల్లలు పట్టుకుపోండి. కళ్లం ధాన్యానికే,” అన్నాడు.

యాజులు ఇంటికెళ్లి చెబితే దుర్గాంబ విని, లేచి వెళ్లి యలమంచిలి వెళ్లడానికి సంచీ తీసి చొక్కాలు సర్దడం మొదలుపెట్టింది. సర్దుతూ మధ్యలో కళ్లు తుడుచుకుంది. కాని ఆ రాత్రి కంచం ముందు ఇద్దరూ ఎప్పట్లాగే మాట్లాడుకున్నారు.

బుధవారం పొద్దున్న యాజులు మిల్లు గేటు దగ్గరికొచ్చేసరికి గొడుగు నీడలో అప్పలనరసింహంగారు నిలబడి ఉన్నాడు. పక్కన కామేశ్వరి, రెండు జడలు పైకి కట్టుకుని.

“మీకోసమే చూస్తున్నాం,” అన్నాడాయన. “మా అమ్మాయికి నేర్పాలి.”

యాజులుకి అర్థం కాలేదు. “పడుతుందని చెప్పాను కదండీ.”

“చెప్పారు గనకే వచ్చాను. పడరని మీరన్నప్పుడు నాకు నమ్మకం కుదర్లేదు. అందుకే తిప్పి తిప్పి అడిగాను. ముప్పై ఏళ్లుగా జనం చెప్పేవి వింటున్నాను మాస్టారూ, అబద్ధానికి ఒక నునుపుంటుంది.” ఆయన గొడుగు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. “ఉద్యోగం మాత్రం మానకండి. ఆదివారాలు రండి. మా ఇంటి వెనక సిమెంటు పెరడుంది, చిన్నదే. ఇది పడి లేస్తుంటే చూసి మిగతావాళ్లొస్తే వస్తారు, లేకపోతే లేదు.”

ఒక్క పిల్ల. అయినా యాజులుకి ఒళ్లంతా తేలికైపోయింది. నిజం చెప్పినందుకు దక్కిన పిల్ల. తను మంచిపనే చేశానన్న ధీమా అతనికి ఆదివారం తరవాత మొదటిసారి కలిగింది. ఆ ధీమాతోనే, బల్లలు పట్టుకొస్తానని చెప్పి లోపలికి నడిచాడు. కామేశ్వరి ఆగలేక వెనకే వచ్చింది.

దేవుడమ్మ కళ్లం అంచులో గొంతుక్కూచుని, కొబ్బరిపీచుతో సున్నపు చారలు రుద్దుతోంది. పక్కన బకెట్టు. బల్లలన్నీ వరండా మెట్టు మీద ఒకదానిమీద ఒకటి పేర్చి ఉన్నాయి.

“దేవుడమ్మా, మళ్లీ పనిలోకి పిలిచారు కదా?” అన్నాడు యాజులు. ఆ గొంతులో కొంచెం సంబరం కూడా ఉంది.

“పిలిసినారు బాబూ.”

“నిన్న అందరి ముందూ చెప్పేశాను. నీ తప్పేం లేదని.”

“సెప్పినారంట. ఇన్నాను.” ఆమె రుద్దడం ఆపలేదు. “మరి ఆదోరం సెప్పనేదేటి?”

యాజులు పిండికట్టుకేసి చూసుకున్నాడు. చెయ్యి విరిగిందని చెప్పవచ్చు. అది విరిగినట్టు ఆమెకీ తెలుసు. “భయమేసింది,” అన్నాడు.

“నాకూ భయమేసినాది,” అంది దేవుడమ్మ. “తమరే అలకమన్నారని నోటిదాకా వచ్చినాది. అనేసుందును. అంతమందిలో తమకి సిన్నతనం అవుతాదని ఆగినాను. తమరే సెప్తారనీసి సూసినాను.”

ఆ మాటలో దెప్పు లేదు. ఉంటే బాగుండేది, ఎదురు చెప్పుకోవడానికి ఏదో ఒకటి దొరికేది. యాజులు ధీమా అంతా నిలబడ్డచోటనే కారిపోయింది. రెండురోజులు ఆలస్యంగా చెప్పిన నిజానికి కామేశ్వరి దొరికింది. ఆ రెండురోజులూ నింద మోసింది దేవుడమ్మ.

“తప్పు నాది,” అన్నాడు చివరికి.

“జరగండి బాబూ, కాళ్లు తడుస్తాయి,” అంది దేవుడమ్మ. లేచి బకెట్టు ఎత్తి నీళ్లు కుమ్మరించింది. యాజులు వెనక్కి తప్పుకున్నాడు. ఒంటి చేత్తో బల్లలు ఎత్తబోతే పైది జారింది. కామేశ్వరి దాన్ని పట్టుకుని గుండెలకి హత్తుకుంది.

“మాస్టారూ, మొదట ఏం నేర్పుతారు?” అంది.

యాజులు దేవుడమ్మకేసి చూశాడు. ఆమె ఇటు తిరగలేదు. చీపురుతో నీళ్లని కాలవకేసి తోస్తోంది. ఒక బల్ల చంకలో పెట్టుకుని, పద వెళదాం అన్నాడు పిల్లతో.